మీ ప్రశ్న – నా జవాబు: పాంపేలో ఒక్క రోజు

ప్రశ్న: నేను ఇటలీలోని పదువాలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాది ఖమ్మం. వచ్చే నెల క్లాస్‌మేట్స్ పద్నాలుగు మందిమి మూడు రోజులు నేపుల్స్ వెళ్తున్నాం. అందులో ఒక రోజు ఎవరిష్టం వాళ్లది. ఎక్కువ మంది పడవెక్కి కాప్రి ద్వీపానికి పోదామంటున్నారు. నాకేమో పాంపే చూడాలని ఉంది. 'అక్కడ ఏముంది, రాళ్లు తప్ప' అంటున్నారు. ఒక్క రోజులో పాంపే, నేపుల్స్ మ్యూజియం రెండూ అవుతాయా? నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. తిండి సంగతి కూడా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అవుతాయమ్మా. పొద్దున పాంపే, మధ్యాహ్నం మ్యూజియం. ఈ వరస మాత్రం తిప్పకండి. మంగళవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

2011లో బొలోన్యాలో చదువుకుంటున్నప్పుడు నేనూ ఇలాగే పదహారు మందితో వెళ్లాను. ఇప్పుడు విజయవాడలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. క్రీస్తు శకం 79లో వెసువియస్ అగ్నిపర్వతం బద్దలై ఆ ఊరు బూడిద కింద పడిపోయిందని పాఠంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

ముందు రైలు సంగతి. ఆ రోజు మేం నలుగురం పొరపాటు చేశాం. నేపుల్స్ గరిబాల్ది స్టేషన్ కింది అంతస్తులో చిర్కుమ్‌వెసువియానా లోకల్ రైళ్లుంటాయి. బోర్డు మీద పాంపే పేరు కనిపించగానే ఎక్కేశాం. అది పొజ్జోమరీనో వైపు పోయే బండి, కొత్త ఊళ్లో చర్చి దగ్గర దింపింది. మిగతా పన్నెండు మందీ అవతలి గేటు దగ్గర ఎండలో మాకోసం ముప్పావు గంట నిలబడ్డారు. వాళ్ల ముఖాలు చూడటానికి సిగ్గేసింది. మీరు సొరెంటో బండే ఎక్కండి, 'పాంపే స్కావి – విల్లా దెయ్ మిస్తేరి' అన్న స్టేషన్‌లోనే దిగండి. నలభై నిమిషాల లోపు ప్రయాణం. దిగితే గేటు ఎదురుగానే ఉంటుంది. ఈ మధ్య రోజుకు 20,000 మందినే లోపలికి వదులుతున్నారు, టికెట్ మీద పేరు కూడా ఉంటుంది. కాబట్టి ముందే కొనుక్కుని పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి. తొమ్మిదికల్లా గేటు దగ్గరుంటే ఎండ ముదిరేలోపు సగం చూసేయొచ్చు. నీడ తక్కువ. తాగే నీళ్ల కుళాయిలు లోపలే ఉన్నాయి, ఖాళీ సీసా చాలు.

ఇక 'రాళ్లు తప్ప ఏముంది' అన్న మాట. నిజమే, రాళ్లే. కానీ ఆ రాళ్ల దగ్గర కూర్చుని చూడాలి. వీధి దాటడానికి మధ్యలో ఎత్తుగా బండరాళ్లు వేశారు, కింద మురుగూ వాన నీళ్లూ పారినా కాలు తడవకుండా. ఆ బండల మధ్య సందుల్లోంచి బళ్లు పోయేవి. చక్రాలు ఒరుసుకుని రాతిలో గాళ్లు పడ్డాయి. నేను వేళ్లు పెట్టి చూశాను, వేలి కణుపుల దాకా దిగాయి. వీధి మూలన నీళ్ల తొట్టి ఉంటే దాని అంచు చూడండి. నీళ్లు తాగడానికి వంగినవాళ్లు చెయ్యి ఆనించిన చోట రాయి అరిగి నున్నగా పల్లం పడింది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బావి గట్టు రాయి మీద చేంతాడు ఒరిపిడికి పడ్డ గాడి అచ్చం అలాగే ఉండేది. అక్కడ చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను.

రొట్టెల కొట్టు ఒకటైనా తప్పకుండా చూడండి. గాడిదలతో తిప్పించిన పెద్ద లావా రాతి తిరగళ్లు, పక్కనే ఇటుకల పొయ్యి. 1862లో ఇలాంటి ఒక కొట్టు పొయ్యిలో 81 రొట్టెలు మాడి బొగ్గైపోయి దొరికాయి. కాల్చడానికి లోపల పెట్టినవాడు తీసే టైమ్ లేక పారిపోయాడు. ఆ కాలపు మాడిన రొట్టెలు నేపుల్స్ మ్యూజియంలో ఉన్నాయి, గుండ్రంగా, ముక్కలు తుంచుకోవడానికి గాట్లు పెట్టి. పొద్దున పొయ్యి చూసి మధ్యాహ్నం రొట్టె చూడాలనే వరస తిప్పొద్దన్నాను.

మనుషుల అచ్చుల గురించి మీరు వినే ఉంటారు. గట్టిపడ్డ బూడిదలో శరీరాలు పోయి ఖాళీలు మిగిలాయి. 1863లో ఫియోరెల్లి అనే పురావస్తు అధికారి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించాడు. గట్టిపడ్డాక చుట్టూ తవ్వితే చివరి క్షణంలో ముడుచుకున్న మనుషులు బయటపడ్డారు. అక్కడ సెల్ఫీలు వద్దమ్మా. మీ వాళ్లకూ చెప్పండి.

ఒంటిగంటకు బయటపడి రైలెక్కండి. తిండికి భయపడకండి. నేపుల్స్‌లో 'మరినారా' పిజ్జా అడగండి. పేరు సముద్రానిదైనా మామూలుగా చేపలుండవు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె అంతే, చీజ్ కూడా ఉండదు. పొరలు పొరలుగా ఉండే 'స్ఫొల్యాతెల్లా' అనే మిఠాయి మాత్రం వద్దు. పాత పద్ధతిలో దాన్ని పంది కొవ్వుతో చేస్తారు. ఆ కొవ్వును 'స్ట్రుత్తో' అంటారు, ఏది కొన్నా ఆ మాట ఉందేమో చూసుకోండి.

గరిబాల్ది నుంచి మెట్రోలో 'మూసెయో' స్టేషన్‌కి వస్తే మ్యూజియం అక్కడే. లోపల 'గబినెత్తో సెగ్రెతో' అనే గది తెరిచి ఉందో లేదో కౌంటర్‌లోనే అడగండి. శృంగార శిల్పాలుండే గది కదా అని మొహమాటపడి మానేయకండి. అందులో మనవైపు నుంచి వెళ్లిన ఒక చిన్న దంతపు బొమ్మ ఉంది, జానెడు పైన ఎత్తు. 1938లో పాంపేలోని ఒక ఇంట్లో దొరికింది. మొదట లక్ష్మి అన్నారు, తర్వాత చాలామంది యక్షి అన్నారు. ఇలాంటి బొమ్మలు మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి, రెండూ శాతవాహనుల నేల. మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ నాణేల నిధి దొరికిందని క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు. ఇటు నాణేలొచ్చాయి, అటు ఈ బొమ్మ పోయింది.

చేతి నిండా గాజులు, కాళ్లకు బరువైన కడియాలు, అటూ ఇటూ ఇద్దరు చిన్న పరిచారికలు. నేను మొదటిసారి ముందునుంచే చూసి బయటికొచ్చేశాను. మా బొలోన్యా స్నేహితురాలు వెనక్కి లాక్కెళ్లి చూపించింది. మీరు అద్దం చుట్టూ తిరిగి వీపు వైపు కూడా చూడండి, జడ ఉంటుంది.