అమ్మ గాజులు పెట్టి కారుకు డిఫ్యూజర్ చేయించుకోవచ్చా?

ఇందుకూరుపేట మండలం నుంచి ఒక రొయ్యల రైతు రాసిన ఉత్తరం ఇది. వయసు 29. బావతో కలిసి నాలుగెకరాల రొయ్యల గుంటలు లీజుకు చేస్తున్నారు. రెండేళ్ల కిందట మంచి పట్టుబడి (గుంటలో రొయ్యల దిగుబడి) వచ్చినప్పుడు సెకండ్ హ్యాండ్ ఆడి టీటీ కారు కొన్నారు, దాని మీద లోన్ లేదు. ఇప్పుడు దానికి వెనక బంపర్ కింద డిఫ్యూజర్, అంటే కారు కింది గాలిని వెనక్కి వదిలే రెక్కల పలక, పెట్టాలని ఉంది. కార్బన్ ఫైబర్‌ది తెప్పిస్తే 1,40,000 అన్నారట. అంత ఎందుకని అల్యూమినియం షీటుతో ఇంట్లోనే చేసుకుందామనుకున్నారు. టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాస్‌తో లోహాన్ని అతికే పద్ధతి) మెషీన్ 65,000, షీటు వంచే మెషీన్ 25,000, ఆర్గాన్ సిలిండర్, షీటు, మిగతా సామాను 60,000, మొత్తం లక్షన్నర అని లెక్క వేశారు. అమ్మ గాజులు ప్రైవేటు కంపెనీలో పెడితే నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇస్తారు. మొన్నటి పంటకు రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి 70 రోజులకే పట్టేయాల్సి వచ్చింది, మేత కొట్టుకి 2,80,000 బాకీ ఉంది. ‘బావేమో డబ్బు తగలేస్తున్నావంటాడు. నాకు చేతి పని మీద ఇష్టం. మీరేమంటారు సార్?’ అని అడిగారు.

ముందు మీ ఇష్టం గురించి ఒక మాట. మా నాన్నకు కావలిలో చిన్న లేత్ షాపు ఉండేది. సెలవుల్లో అక్కడే పెరిగాను. సొంత చేత్తో ఒక వస్తువు చేసి బిగించుకోవడంలో ఉండే తృప్తి నాకు తెలుసు. కాబట్టి మానేయమని చెప్పను. చేయండి. గాజులు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.

రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం. లక్షన్నర మీద ఏడాదికి 27,000. అంటే ఇంట్లో చేసిన డిఫ్యూజర్ మీకు 1,77,000 పడుతుంది. అప్పు లేకుండా తెప్పించుకుంటే 1,40,000. చౌక అనుకుని మొదలుపెట్టిన పని 37,000 ఎక్కువ తింటోంది. దీనికి కారణం అల్యూమినియం కాదు, మెషీన్లు. ఒక్క పని కోసం 90,000 పెట్టి రెండు మెషీన్లు కొనడం ఏ లెక్కలోనూ కుదరదు.

పైగా టిగ్ మెషీన్ కొనేటప్పుడు చాలామంది ఒకచోట మోసపోతారు. తక్కువ ధరకు దొరికేవి ఎక్కువగా డీసీ మెషీన్లు. అల్యూమినియం పైన గట్టి ఆక్సైడ్ పొర ఉంటుంది. మామూలుగా దాన్ని ఛేదించి అతికించాలంటే ఏసీ కరెంటు ఇచ్చే మెషీన్ కావాలి. అది తెలియక డీసీది కొంటే మీ 65,000 మూలన పడినట్టే. అసలు డిఫ్యూజర్‌కు వెల్డింగే అవసరం లేదు. అడుగు షీటు ఒకటి, దాని కింద నిలువుగా నాలుగైదు రెక్కలు. రెక్కలను ఎల్ యాంగిల్‌తో రివెట్లు కొట్టి బిగిస్తే చాలు, విరిగినా ఒక్క రెక్కే మార్చుకోవచ్చు. వంచే పని నెల్లూరు ఆటోనగర్ లాంటి చోట ఫ్యాబ్రికేషన్ షాపులో కూలికి చేయించుకోండి.

ఇప్పుడు మీ లెక్క మళ్లీ వేద్దాం. 8 అడుగులు, 4 అడుగులు, 2 మిల్లీమీటర్ల మందం షీటు సుమారు 16 కిలోలు తూగుతుంది. కిలో 400 వేసుకున్నా 6,400, దానిపై 18 శాతం జీఎస్టీ 1,152, మొత్తం 7,552. యాంగిళ్లు, రివెట్లు, స్టీల్ బోల్టులకు 3,000. వంచే కూలి 2,500. రివెట్ గన్, జిగ్‌సా బ్లేళ్లకు 4,000. నల్ల పౌడర్ కోటింగ్‌కు 3,500. కారును లిఫ్ట్ మీద ఎక్కించి కొలతలు చూసుకోవడానికి, బిగించడానికి 3,000. కూడితే 23,552. మొదటిసారి చేసేవారికి ఒక ముక్కైనా పాడవుతుంది, అందుకు పావు వంతు కలపండి. 29,440. అంటే ముప్పై వేలలో పని అయిపోతుంది.

పాడయ్యే ముక్క గురించి ఊరికే అనలేదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్న షాపులో అల్యూమినియం షీటు మీద మేకు మొనతో గీత గీసి, గీత మీదే వంచాను. వంపు పొడుగునా సన్నని తెల్లగీత తేలింది. మరోసారి వంచగానే అక్కడికక్కడే రెండు ముక్కలైంది. వంచే చోట షీటు మీద గీరు పడితే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. స్కెచ్ పెన్నుతో గీయండి, వంపు మరీ కోణంగా కాకుండా కొంచెం గుండ్రంగా తిప్పించండి. షీటు అడిగేటప్పుడు 5052 గ్రేడ్ అని అడగండి. 6061 అనే గ్రేడ్ గట్టిదే కానీ గట్టిపరిచిన షీటు వంచేటప్పుడు పగుళ్లిస్తుంది.

మీరు ఉండేది మైపాడు సముద్రానికి దగ్గర. గట్టు మీద ఏరేటర్ (గుంట నీటికి గాలి కలిపే యంత్రం) బోల్టులు ఏమవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అల్యూమినియం, స్టీలు ఉప్పుగాలిలో ఒకదాన్నొకటి ఆనుకుంటే అల్యూమినియమే తెల్లగా పిండిలా రాలుతుంది. ప్రతి బోల్టు కింద నైలాన్ వాషర్ వేయండి. పదుల రూపాయల వాషర్లు వేల రూపాయల షీటును కాపాడతాయి. సైలెన్సర్ గొట్టాల దగ్గర మాత్రం బాగా ఖాళీ వదలాలి, ఆ వేడి షీటుకు తగలకూడదు.

ఈ డిఫ్యూజర్ మీకు ఏమిస్తుందో కూడా డబ్బు పెట్టేముందు తెలిసి ఉండాలి. కారు కింద వేగంగా పోయే గాలిని వెనక మెల్లగా విప్పారనిస్తే కారు అడుగున ఒత్తిడి తగ్గి, చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో వచ్చే దానికి 120లో నాలుగు రెట్లు. ఇందుకూరుపేట నుంచి నెల్లూరు దాకా 50, 60 మీద పోయే దారిలో తేడా తెలియదు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు, దాదాపు 3.7 కిలోమీటర్ల చుట్టు, తీసుకెళితే తెలుస్తుంది. అదీ కారు అడుగు చదునుగా ఉండి, డిఫ్యూజర్ వాలు సుమారు 7 నుంచి 10 డిగ్రీలలో ఉంటేనే. మరీ నిటారుగా లేపితే గాలి షీటును వదిలేసి సుడులు తిరుగుతుంది. రోడ్డు మీద ఎక్కువగా చూడటానికే బాగుంటుంది. చూడటానికి అని ఒప్పుకుని 30,000 పెట్టడం తప్పు కాదు. దానికి లక్షన్నర అప్పు చేయడం తప్పు.

బంపర్‌ను కోయకండి. కారుకున్న రంధ్రాలకే బిగించి, ఎప్పుడైనా విప్పేసేలా చేయండి. తీసిన ప్లాస్టిక్ ముక్కను జాగ్రత్తగా దాచండి. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు కంపెనీ బంపరే అడుగుతాడు. నంబరు ప్లేటు, లైట్లు, రిఫ్లెక్టర్లు కనపడకుండా పోకూడదు, అంచులు కోసుకునేలా ఉండకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిని మార్చడం మీద ఆంక్షలు పెట్టింది. అనుమతి లేని మార్పుకు 2019 సవరణ ప్రకారం ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి షీటు కోయకముందే ఒకసారి ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, జవాబు దాచుకోండి. చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర అదే సాకవుతుంది, అప్పుడు పోయేది 30,000 కాదు.

ఇక అసలు సంగతి మేత కొట్టు బాకీ. నగదుకు, అరువుకు 25 కిలోల బస్తా మీద 150 తేడా ఉందని, పంటకు 400 బస్తాలు పడతాయని మీరే రాశారు. అంటే పంటకు 60,000 అరువు కోసమే పోతోంది. రెండు డిఫ్యూజర్ల డబ్బు. మీ బావకు కోపం కారు మీద అనుకుంటున్నారు కానీ, ఆయన మనసులో ఈ బాకీ ఉండి ఉండాలి.

కిసాన్ క్రెడిట్ కార్డు 2018–19 నుంచి చేపలు, రొయ్యల రైతులకు కూడా ఇస్తున్నారు, లీజుకు చేసేవారికీ ఉంది. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ. గడువులోపు కడితే మరో 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. బస్తా 2,350 అనుకుంటే 2 లక్షలతో 85 బస్తాలు నగదుకు వస్తాయి, 12,750 మిగులుతుంది. 7 శాతం వేసుకున్నా నాలుగు నెలల వడ్డీ 4,700 దాటదు. లీజు కాగితాలు, గుంటల రిజిస్ట్రేషన్ పట్టుకుని మీ బ్యాంకుకు వెళ్లండి.

తర్వాతి పట్టుబడి డబ్బు చేతికి రాగానే ముందు కొట్టు బాకీ తీర్చండి. తర్వాత వచ్చే పంట సీడుకు, మేతకు పక్కన పెట్టండి. తర్వాత ఇంటికి ఆరు నెలల ఖర్చు. ఆపైన మిగిలితే ముప్పై వేలు వేరే ఖాతాలో వేసి కారుకు వాడండి. మిగలకపోతే ఆ పంటకు కారు లేదు, అంతే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు మన రైతుల గుండె ఎలా జారిందో మీరు చూశారు. ధర పడిన రోజు, వైట్ స్పాట్ వచ్చిన రోజు ఇంట్లో ముందు బ్యాంకుకు పోయేది అమ్మ బంగారమే. ఆ రోజుకు అది ఖాళీగా, ఏ తాకట్టూ లేకుండా ఉండాలి.

పట్టుబడి దాకా చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు. ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి తెచ్చి ఈ ఆదివారమే టెంప్లేట్ కోయడం మొదలుపెట్టండి. అట్ట ముక్క నాలుగుసార్లు పాడైనా నష్టం లేదు, సరిపోయాకే షీటు కొనండి. ఒక్కటి మాత్రం, జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కారు కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టాకే దూరండి.