లింగమార్పిడి శస్త్రచికిత్స ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుందా?

2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 15వ సెక్షన్, ఈ శస్త్రచికిత్సతో పాటు హార్మోన్ చికిత్సకూ, ముందూ తరువాతా ఇచ్చే కౌన్సెలింగ్‌కూ ప్రభుత్వమే ఏర్పాట్లు చేయాలనీ, వైద్య ఖర్చులకు బీమా కల్పించాలనీ చెబుతుంది. దానికి అనుగుణంగా 2022 ఆగస్టులో సామాజిక న్యాయ శాఖ, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ఒప్పందం చేసుకుని, ఆయుష్మాన్ భారత్ కింద ఒక్కొక్కరికి ఏటా 5 లక్షల రూపాయల కవరేజీని ప్రకటించాయి. దీనికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జాతీయ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకుని, జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు, జారీ చేసే ట్రాన్స్‌జెండర్ ధ్రువపత్రం తీసుకోవాలి.

అసలు చిక్కు ఆసుపత్రి దగ్గర మొదలవుతుంది. పథకంలో నమోదైన ఆసుపత్రులన్నింటిలోనూ ఈ శస్త్రచికిత్స చేసే ప్లాస్టిక్ సర్జన్లు ఉండరు కనుక, చేరకముందే ఆసుపత్రిలో పథకం తరఫున సాయపడే ఆరోగ్యమిత్రను కలిసి, తమకు కావలసిన ప్రక్రియ ప్యాకేజీలో, అంటే పథకం ఖర్చు భరించే చికిత్సల జాబితాలో, ఉందో లేదో, ముందస్తు అనుమతి వచ్చిందో లేదో కనుక్కోవాలి. (అడిగేటప్పుడు “లింగ నిర్ధారణ” అనకండి, గర్భస్థ శిశువుకు చేసే నిషిద్ధ పరీక్ష అనుకుంటారు.)

డిశ్చార్జి తరువాత 15 రోజుల మందుల వరకే పథకం చూసుకుంటుంది. ఏళ్ల తరబడి వాడే హార్మోన్ మందులు ఔట్‌పేషెంట్ ఖర్చు (ఆసుపత్రిలో చేరకుండా వాడే మందుల ఖర్చు) కిందికి రావచ్చు కాబట్టి, వాటికి కవరేజీ ఉందో లేదో ముందే కనుక్కోవడం మంచిది.