సాల తవ్వితే పాత పెంకులొచ్చాయి, ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని గంజాం జిల్లా పురుషోత్తంపూర్ దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. తాతలనాటి పశువుల సాలని రెండు గదుల ఇల్లుగా మారుస్తున్నాం. పిల్లర్ గొయ్యి మోకాలిలోతు తవ్వేసరికి నల్ల కుండపెంకులు, ఒక మట్టిపూస వచ్చాయి. మేస్త్రీ కాంక్రీట్ వేసేద్దాం అంటున్నాడు, వేసెయ్యమంటారా?

జవాబు: వద్దండీ, ఆ ఒక్క గొయ్యి ఆపండి, మిగతా పని చేసుకోండి. మీకు దగ్గర్లోనే జౌగడ ఉంది, అశోకుడి శాసనాలు చెక్కిన బండ ఉన్న చోటు, అలాంటి నేలలో పెంకుముక్కని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంగ్లండ్‌లో పాత ధాన్యం కొట్టాల్ని ఇళ్లుగా మార్చేటప్పుడు అవసరమైతే పర్మిషన్‌లోనే షరతు పెడతారు, పునాది తవ్వుతున్నంతసేపు ఆర్కియాలజిస్ట్ పక్కనే నిలబడి చూస్తాడు, ఏదన్నా కనిపిస్తే పని ఆపించి కొలిచి ఫొటో తీశాకే ముందుకెళ్లనిస్తాడు. మన పల్లెటూరి ఇళ్లకి అలా ఎవరూ రారు కాబట్టి ఆ కాపలా మీరే కాయాలి. గోతి గోడని తాపీతో నున్నగా గీకండి, బూడిద పొర, కాలిన ఎర్రమట్టి పొర ఉంటే చారల్లా తేలతాయి, పక్కన టేపు పెట్టి ఫొటో తియ్యండి, పెంకు ఏ లోతులో దొరికిందో రాసుకోండి, ఎందుకంటే చోటు పోతే సగం కథ పోయినట్టే. పెంకుల్ని మాత్రం కడగొద్దు. తర్వాత భువనేశ్వర్‌లో పురావస్తు శాఖవాళ్లకి చూపించండి.

నాణేలో నగలో బయటపడి విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కి రాసి తెలియజెయ్యాలి, దాచేస్తే శిక్ష ఉంది. ఇంకోటి, సాల జౌగడలాంటి, కేంద్ర ప్రభుత్వం రక్షితమని ప్రకటించిన పురాతన స్థలం హద్దుకి 100 మీటర్లలోపు ఉంటే కొత్త కట్టడం కుదరదు, రిపేరుకీ అనుమతి కావాలి, ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకూ అనుమతితోనే కట్టాలి.