వకాలత్ మీద సంతకం పెట్టేముందు

ప్రశ్న: నాన్నగారు పోయి రెండేళ్లయింది. వీలునామా రాయలేదు. విజయవాడ సత్యనారాయణపురంలో ఇల్లు, తెనాలి దగ్గర రెండెకరాల మాగాణి ఉన్నాయి. ఇంట్లో అమ్మా నేనూ ఉంటున్నాం. పొలం అన్నయ్య చూసుకుంటున్నాడు, నాకు వాటా లేదంటున్నాడు. మా బాబాయి ఒక లాయరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన వీడియోలు చాలామంది చూస్తారట. “ఇప్పుడు ఫీజేమీ వద్దు, గెలిచాక మీకొచ్చిన దాంట్లో పదో వంతు ఇవ్వండి” అన్నారు. సంతకం చేసి తెమ్మని వకాలత్ ఫారం ఇచ్చారు. అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. ఆయన ఎలాంటివారో తెలుసుకునేదెలా? ఆరా తీస్తే తప్పుగా అనుకుంటారా?
– పేరు వద్దు, విజయవాడ

జవాబు: అమ్మా, వకాలత్ అంటే మీ తరఫున కేసు నడిపే అధికారం లాయరుకు ఇచ్చే కాగితం. ముందు ఆ ఫారం బీరువాలో పెట్టండి. దాని మీద ఇప్పుడే సంతకం చేయకండి.

పదో వంతు మాటతో మొదలుపెడతాను. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన ఆస్తిలో వాటా అడగడం మన దేశంలో లాయర్లకు నిషిద్ధం. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. చేతిలో డబ్బు లేనివాళ్లకు అది వరంలాగే కనిపిస్తుంది. కానీ మీ ఆస్తిలో ఆయనకూ వాటా ఉంటే, రేపు అన్నయ్య రాజీకొస్తే ఒప్పుకోవాలా వద్దా అన్న సలహా మీ మేలు చూసి ఇస్తున్నారో, తన పదో వంతు చూసి ఇస్తున్నారో మీకెలా తెలుస్తుంది? నేనైతే ఈ ఒక్క మాటతోనే ఆయన్ని వదిలేస్తాను. వీడియోల సంగతికొస్తే, చట్టం గురించి నలుగురికీ చెప్పడంలో తప్పులేదు. “నేను ఇన్ని కేసులు గెలిపించాను, నా దగ్గరికి రండి” అంటే మాత్రం అది ప్రకటన, అదీ ఆ నియమాలు ఒప్పుకోవు.

ఆరా తీయడం అమర్యాదేమీ కాదు. సంబంధం చూసేటప్పుడు నలుగురినీ అడగమా? పైగా ఇందులో ఇంకో సంగతి ఉంది. లాయరు సేవలో లోపం ఉందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు లేదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తప్పు చేసిన లాయరు మీద 1961 నాటి అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు, చేయాలి కూడా. అయితే ఆయనకు శిక్ష పడినంత మాత్రాన మీ దావాలో పోయిన కాలం తిరిగిరాదు. అందుకే ఇప్పుడే చూసుకోండి.

ఆయన లాయరుగా నమోదైన ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి. మన దగ్గర మొదట ఏపీ, తర్వాత అంకె, చివర సంవత్సరం ఉంటాయి. ఆ సంవత్సరాన్ని బట్టి అనుభవం ఎంతో తెలిసిపోతుంది. నంబరు చెప్పడానికి ఏ లాయరూ నొచ్చుకోరు. ఆ పేరు లాయర్ల జాబితాలో ఉందో లేదో బార్ కౌన్సిల్లో అడగొచ్చు. బెజవాడ బార్ అసోసియేషన్‌లో వాకబు చేసినా ఆయన రోజూ ప్రాక్టీసు చేస్తున్నారో లేదో చెబుతారు.

ఇక అసలు విషయం. నేను గుంటూరు కోర్టుల్లో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. జడ్జిగారి ముందు కూర్చుని కేసులు పిలిచే కుర్చీ అది. ఏ లాయరు వాయిదాకు వస్తారో, ఎవరు రారో అక్కడ కూర్చున్నవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పొద్దున కాల్‌వర్క్‌లో, అంటే ఆ రోజు కేసులన్నీ వరసగా పిలిచేటప్పుడు, కేసు పిలుస్తాం. ఒకాయన ఫైలు పట్టుకుని లేచి, సాక్షి బయట ఉన్నాడంటారు. ఇంకో కేసు పిలిస్తే జూనియర్ కుర్రాడు లేచి, సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, పాస్ఓవర్ ఇవ్వండి, కాసేపాగి పిలవండంటాడు. మధ్యాహ్నం మళ్లీ పిలిస్తే ఆ కుర్రాడూ ఉండడు. వెనక బెంచీలో పార్టీ, ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చిన ముసలాయన, తన కేసు ఏమైందో తెలియక మా వైపు చూస్తుంటాడు. ఆ చూపు నేను చాలాసార్లు చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇది ఇప్పుడు మీరు ఫోన్లోనే చూడొచ్చు. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని లాయరు పేరుతో వెతకండి. ఇంటిపేరు, ఇనిషియల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఎక్కిస్తారు కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టండి. మీలాంటి పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాలు ఏవైనా కనిపిస్తే తెరిచి, ఏ వాయిదాకు ఏం జరిగిందో వరసగా చదవండి. ముగిసిన కేసుల్లో గెలుపోటములు లెక్కపెట్టొద్దు. కుటుంబ తగాదాల్లో రాజీయే చాలాసార్లు మంచి ముగింపు. మీరు చూడాల్సింది ‘డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్’ అన్న మాట. పిలిచినప్పుడు వాది తరఫున ఎవరూ పలకలేదని దావా కొట్టేశారని అర్థం. ఒకటో రెండో అయితే పార్టీదే తప్పు కావొచ్చు. మళ్లీ మళ్లీ అదే కనిపిస్తే ఆ ఆఫీసు మెట్లెక్కొద్దు.

తర్వాత ఒక పూట కోర్టుకే వెళ్లండి. సివిల్ దావాలు బహిరంగంగానే నడుస్తాయి, ఎవరైనా వెనక కూర్చుని చూడొచ్చు. (విడాకుల వంటి కేసుల్లో అలా కుదరకపోవచ్చు.) అయితే ఏ కోర్టుకు? ఆస్తులు రెండు ఊళ్లలో ఉన్నాయి కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ సెక్షన్ ప్రకారం విజయవాడలోనైనా, తెనాలిలోనైనా దావా వేయొచ్చు. మీకూ అమ్మకూ విజయవాడే సుఖం. 2022 ఆగస్టులో జస్టిస్ ఎన్.వి.రమణ ప్రారంభించిన కొత్త కోర్టుల సముదాయం మీకు దగ్గరే. అక్కడ రోజూ కనిపించే లాయరునే చూసుకోండి.

ఇద్దరు ముగ్గురు లాయర్లతో మాట్లాడండి. “మా అమ్మను వాదిగా పెడతారా, ప్రతివాదిగానా, ఎందుకు?” అని అడగండి. సివిల్ పని తెలిసినవారైతే జవాబు చెప్పేముందు తామే మిమ్మల్ని అడుగుతారు: పొలం కౌలు డబ్బు ఎవరికొస్తోంది, పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది అని. ఎందుకంటే మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి కోర్టు ఫీజే మారిపోతుంది. ఇవేమీ అడగకుండా “గెలిపించేస్తాను” అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. అన్నయ్యకు ఎప్పుడైనా కేసు చూశారా అని కూడా అడగండి. చూసి ఉంటే ముందే చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. బాబాయిగారినీ, ఈ లాయరు ఎలా పరిచయమని మామూలుగానే అడగండి. అందులో ఆయన్ని అనుమానించినట్టేమీ లేదు.

డబ్బే ఇబ్బందైతే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా సంస్థకు వెళ్లినా, 15100కి ఫోన్ చేసినా లాయరును ఇస్తారు.

ఎవరిని పెట్టుకున్నా ఖాళీ వకాలత్ మీదగానీ, తెల్ల కాగితం మీదగానీ సంతకం చేయకండి. దస్తావేజుల జిరాక్సులే ఇవ్వండి. అసలువి కోర్టులో దాఖలు చేయాల్సినప్పుడే బయటికి తీయండి. ఇప్పటికే ఆయనకు అసలు కాగితాలేవైనా ఇచ్చి ఉంటే వెళ్లి తెచ్చేసుకోండి. ఫీజు బాకీ ఉందన్న సాకుతో కూడా క్లయింటు కాగితాలు ఆపే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. మీరైతే ఆయనకు బాకీ కూడా లేరు.