పాస్‌వర్డ్ మార్చినా బిల్లులు బయటికి పోతుంటే

చాలావరకు ఇది ఫార్వార్డింగ్ (వచ్చిన మెయిల్‌ని దానంతటదే వేరే అడ్రస్‌కి పంపే సెట్టింగ్) పనే అయ్యుంటుంది. మీరు పెట్టుకున్న ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చినా విశాఖ పూర్ణా మార్కెట్‌లోని మీ షాపు బిల్లులు వేరే అడ్రస్‌కి వెళ్తున్నాయన్నారు, బ్రౌజర్ హోమ్‌పేజీ కూడా మారిందన్నారు. జీమెయిల్‌లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు (ఎలాంటి మెయిల్ వస్తే ఏం చేయాలో చెప్పే నియమాలు) పాస్‌వర్డ్ మారినా అలాగే ఉంటాయి.

1. ముందు కంప్యూటర్ సంగతి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "నెక్స్ట్" నొక్కుతూ పోతే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అతుక్కునే చిన్న ప్రోగ్రాములు) కూడా వచ్చి కూర్చుంటాయి. మీరు పెట్టుకోనివన్నీ తీసేయండి, విండోస్‌లో ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ చేయండి. అలాంటి ఎక్స్‌టెన్షన్ ఉండగా పాస్‌వర్డ్ మారిస్తే కొత్తదీ దాని చేతికే పోవచ్చు.

2. అందరూ వదిలేసేది ఇదే. జీమెయిల్ సెట్టింగ్స్‌లో "ఫార్వార్డింగ్" ట్యాబ్ తెరవండి. ఫోన్ యాప్‌లో కనబడదు, కంప్యూటర్ బ్రౌజర్‌లోనే చూడాలి. తెలియని అడ్రస్ ఉంటే తొలగించండి. అక్కడ ఏమీ లేకపోయినా ఆగకండి, "ఫిల్టర్స్" ట్యాబ్ చూడండి. "ఇన్వాయిస్" అన్న మాటున్న మెయిల్‌ని ఫార్వార్డ్ చేసి, మీ ఇన్‌బాక్స్‌లోంచి చెరిపేసే ఫిల్టర్ పెట్టడం పాత ఎత్తే.

3. "అకౌంట్స్" ట్యాబ్‌లో ఇంకెవరికైనా యాక్సెస్ ఇచ్చి ఉందేమో చూసి తీసేయండి.

4. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో ఆ సాఫ్ట్‌వేర్‌కిచ్చిన అనుమతి రద్దు చేయండి. పాస్‌వర్డ్ మళ్లీ మార్చి, టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో నిర్ధారణ కూడా అడిగేది) పెట్టండి.

మీ బిల్లు చూసి, బ్యాంకు ఖాతా మార్చి తయారుచేసిన నకిలీ బిల్లు మీ కస్టమర్లలో ఎవరికైనా వెళ్లి, వాళ్లు డబ్బు కట్టేస్తే, కట్టినవాళ్లని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.