రెండేళ్లుగా కదలని పాత స్కూటర్ స్టార్ట్ కావాలంటే

మీ నాన్నగారి టూ స్ట్రోక్ స్కూటర్ రెండేళ్లుగా షెడ్డులోనే ఉంది, ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ కావట్లేదు అన్నారు. ముందు కిక్ కొట్టడం ఆపి, ట్యాంకులోని పాత పెట్రోలంతా తీసేయండి. అది జిగురుగా మారి పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో జెట్ అనే చిన్న ముక్కకు ఉండే సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. చాలాసార్లు అసలు దొంగ ఇక్కడే దొరుకుతాడు. జెట్ విప్పి గాలి కొట్టించండి. దయచేసి సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదైతే పెట్రోలు లెక్క తప్పుతుంది. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి.

తర్వాత పెట్రోలుకు దూరంగా, స్పార్క్ ప్లగ్ విప్పి, దాని వైరు మళ్లీ తగిలించి, ఇంజిన్‌కు ఆనించి కిక్ కొడితే నీలి నిప్పురవ్వ రావాలి. రాకపోతే ప్లగ్ మార్చండి. ఈ కిక్ బళ్లలో నిప్పురవ్వ, ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచే వస్తుంది కాబట్టి కొత్త బ్యాటరీకి తొందరపడొద్దు. చివరగా లీటరుకు 20 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలిపిన తాజా పెట్రోలు పోసి, చోక్ లాగి కొట్టండి.