ఫోను ఉండగా ఎమ్మే ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. ఈ ఏడాదే బీకాం పూర్తయింది. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్‌లో పీజీ చేసి డాక్యుమెంటరీలు తీయాలని నా కోరిక. స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన మా నాన్నగారు మాత్రం, "వీడియోలు తీయడానికి ఎమ్మే ఎందుకమ్మా, చేతిలో ఫోను ఉంది కదా" అంటున్నారు. మీరు ఇదే చదువు చదివి విశాఖలోనే ఎడిటర్‌గా పనిచేస్తున్నారని గత సంచికలో రాశారు. ఆ రెండేళ్లు నిజంగా పనికొచ్చాయా? భీమిలి దారిలో రామానాయుడు స్టూడియో ఉంది కాబట్టి ఇక్కడే సినిమా అవకాశాలు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం న్యాయం ఉంది. కెమెరా పట్టుకోవడం, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడడం నేర్చుకోవడానికే అయితే రెండేళ్లు అక్కరలేదు. మా తరగతిలో ఇరవై రెండు మందికి రెండే కెమెరాలు, అందులో ఒకటి ఎప్పుడూ మరమ్మతులోనే. మరి ఎందుకు చదివానంటారా? నేను తీసింది బాగాలేదని మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు అక్కడ దొరికారు. ఇంట్లో దొరకరు. మా అమ్మకు నేను తీసిన ప్రతిదీ అద్భుతమే.

చివరి సెమిస్టరులో ఫిషింగ్ హార్బరు మీద పదిహేను నిమిషాల చిత్రం తీయాలనుకున్నాను. తెల్లవారుజామున పడవలు రావడం, చేపల వేలం, మంచుపెట్టెల లోడింగు, అంతా కాగితం మీద రాసుకున్నాను. పరీక్షలు ముగించుకుని ఏప్రిల్ మూడో వారంలో వెళ్తే పడవలన్నీ లంగరు వేసి ఉన్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. సముద్రం పక్కనే పుట్టి పెరిగాను, ప్రతి వేసవిలో చేపల ధర పెరిగిందని మా నాన్న విసుక్కోవడం విన్నాను, అయినా ఈ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

చేసేది లేక వలలు బాగుచేసుకుంటున్న వాళ్లను, ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడను చిత్రీకరించాను. తరగతిలో వేసి చూపిస్తే మా మాస్టారు అందరినీ కళ్లు మూసుకోమన్నారు. పదిహేను నిమిషాలూ గాలి హోరే. పెద్దావిడ మాట నాలుగు చోట్ల తప్ప వినపడలేదు. మైకుకు ఉన్ని తొడుగు వేయాలన్న జ్ఞానం నాకు లేదు. మంచు గదిలో ట్యూబులైట్ల కింద తీసిన దృశ్యాలేమో మినుకు మినుకుమన్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌లది, అంటే సెకనుకు 50 చుట్లు; చుట్టుకు రెండుసార్లు చొప్పున దీపం సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. నేను ఫోనులో సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు), షటర్, అంటే ఒక్కో బొమ్మకు వెలుతురు పడే సమయం, సెకనులో 60వ వంతు పెట్టాను. 25 ఫ్రేములు, 50వ వంతు పెట్టి ఉంటే దీపం లెక్కతో సరిపోయి ఆ మినుకు కనపడేది కాదు. మళ్లీ వెళ్లి మళ్లీ తీశాను. ఈసారి పెద్దావిడ నన్ను గుర్తుపట్టి తానే మాట్లాడింది. మొదటిసారి చెప్పని సంగతులు చెప్పింది. ఆ రెండో ప్రయాణం కోసమే ఫీజు కట్టానని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత సంగతి చెప్పాలి. డిగ్రీ చేతికొచ్చాక దాదాపు ఏడాది పాటు ద్వారకానగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేశాను. డాక్యుమెంటరీ తీస్తానని చెప్పి పెళ్లిళ్లు కత్తిరిస్తున్నానని మొదట సిగ్గుపడ్డాను. కానీ గట్టిమేళం ఎక్కడ మొదలవ్వాలో, తలంబ్రాలు ఎంతసేపు ఉంచాలో తెలియకపోతే ఆ కుటుంబం ఊరుకోదు. ఒకసారి మేనమామ బుట్టలో పెళ్లికూతుర్ని తెచ్చే దృశ్యం తగ్గించాను. ఆయన స్వయంగా స్టూడియోకు వచ్చారు. నాకు ఏ మార్కుల జాబితా నేర్పనిది ఆయన అరగంటలో నేర్పారు.

సొంతంగా పని మొదలుపెట్టిన తొలి ఏడాది ఒక కోచింగ్ సెంటరుకు ప్రకటన వీడియో చేసిచ్చాను. ఏడుసార్లు మార్పించారు, డబ్బు ఇవ్వలేదు. అప్పటినుంచి సగం ముందుగా తీసుకుంటాను, రెండుసార్లకు మించి మార్పులుంటే అదనమని ముందే కాగితం మీద రాస్తాను. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, డబ్బిచ్చి మీ చేత చిత్రం తీయించుకున్నవారే దానికి తొలి హక్కుదారు, వేరే ఒప్పందం లేకపోతే. అందుకని మీ పనిగా ఇతరులకు చూపించుకునే అనుమతి కూడా ఆ కాగితంలోనే రాయించుకోండి.

ఇక స్టూడియో సంగతి. షూటింగులు విశాఖకు వస్తాయి, బీచ్ రోడ్డులో మీరూ చూసే ఉంటారు. ఆ తర్వాత ఎడిటింగు, డబ్బింగు చాలావరకు హైదరాబాద్ వెళ్లిపోతాయి. నేనూ హార్డ్ డిస్కులు సంచిలో పెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. సినిమాలే కావాలంటే ఆ ఊరు వెళ్లడానికి సిద్ధపడండి. డాక్యుమెంటరీలకైతే పోర్టు, హార్బరు, సింహాచలం, అరకు దారి అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆదాయం మాత్రం నెలనెలా రాదు. స్టీల్‌ప్లాంటు జీతంతో మిమ్మల్ని పెంచిన మీ నాన్నగారికి ఇది దాచకండి.

చేరాలా వద్దా అని నన్ను అడిగే ముందు ఒక పని చేయండి. ఆయన చెప్పిన ఫోనుతోనే మీ వీధిలో ఎవరినైనా ఐదు నిమిషాలు చిత్రీకరించి, ఆయనకే చూపించండి. ఎక్కడ విసుగొచ్చిందో అడగండి. విసుగన్న చోటును మళ్లీ తీయాలని మీకు అనిపిస్తే దరఖాస్తు పెట్టండి. అనిపించకపోతే ఆ ఫీజు డబ్బుతో మంచి మైకు కొనుక్కోండి, ఉన్ని తొడుగుతో సహా.